గార్ల మీద ఒట్టు

కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి కూచుంటారు. ఈయన చెప్పేదాంట్లో సగం తీసేసి వినండని వాళ్లకు ముందే ఎవరో చెప్పి పంపుతారు. న్యాయమే. ఉద్యోగమంతా ఎలుకల గదిలో గడిపినవాడికి జవాబిచ్చే మనిషి దొరికితే నోరు ఊరుకోదు. మామూలు సంగతి నా నోట్లో పడిందంటే బయటికి వచ్చేసరికి కాస్త ఒళ్లు చేసి వస్తుంది. కానీ ఈ ఒక్క సంగతిలో తీసేయాల్సింది దాదాపు ఏమీ లేదు. ఆ దాదాపు ఎక్కడుందో చివర్లో నేనే చెప్తాను.

మనుషుల పేర్లు చెప్పను. ఎలుకల పేర్లు చెప్తాను. అవి వచ్చి నన్ను నిలదీయవు.

అప్పటికి ఖమ్మం జిల్లా ఇంకా ముక్కలు కాలేదు. రెండువేలు దాటి కొన్నేళ్లయింది. ఖమ్మంలో ఒక మెడికల్ కాలేజీలో ఎలుకల గది నా చేతిలో ఉండేది. మేత, నీళ్లు, కింద పరిచే పొట్టు, ఏసీ, ఏ ఆడ ఎలుక ఎప్పుడు ఈనిందన్న లెక్క, ఇదే నా పని. మా డాక్టర్ మేడం హైదరాబాదులో పెద్ద ల్యాబులో పనిచేసి మా ఊరికి వచ్చిన మనిషి. మా వైపు తలసేమియా పిల్లలు ఎక్కువ. వాళ్లకు మాటిమాటికీ రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలో ఉన్న ఇనుము ఒంట్లోంచి బయటికి పోదు, వెళ్లి గుండెలోనూ కార్జంలోనూ, అంటే కాలేయంలోనూ, కూచుంటుంది. అలా కూచున్న ఇనుము ఏం చేస్తుందో, దాన్ని ఎలా దింపాలో చూడటానికి మేడం తన పాత ల్యాబు నుంచి ఒక జాతి ఎలుకల్ని తెప్పించింది.

వాటికి ఎవరూ రక్తం ఎక్కించనక్కర్లేదు. పుట్టుకతోనే వాటిలో ఒక జీను చెడిపోయి ఉంటుంది. మన ఒంట్లో ఇనుము సరిపోయిందనుకోండి, ఇక చాలని పేగుకు ఒక కబురు వెళ్తుంది. ఈ ఎలుకల్లో ఆ కబురు పుట్టదు. విస్తరి ముందు చెయ్యి అడ్డం పెట్టేవాడు లేకపోతే వడ్డించేవాడు ఎందుకు ఆగుతాడు? తిన్న మేతలోంచి ఇనుము వచ్చి పడుతూనే ఉంటుంది. పైకి చూస్తే మాత్రం మామూలు ఎలుకే. మీసాలు దువ్వుకుంటుంది, పిల్లల్ని పెడుతుంది, నా వేలు కొరుకుతుంది.

మేడం వాటి చెవులకు గాట్లు పెట్టి నంబర్లు ఇచ్చింది. నాకు నంబర్లు నోటికి రావు. మాది కారేపల్లి, రైళ్లు చూస్తూ పెరిగినవాణ్ని, అందుకని స్టేషన్ల పేర్లు పెట్టుకున్నాను. డోర్నకల్, మధిర, బోనకల్, ఎర్రుపాలెం, గార్ల. "మేడం, ఇవాళ డోర్నకల్‌కు రక్తం తియ్యాలె" అంటే ఆమె నవ్వేది కాదు. ఆమెకు అబద్ధం ఆడటం రాదు, వేళాకోళం అసలే రాదు. కొన్నాళ్లకు ఆమే గది తలుపు తీస్తూ "మధిర సరిగ్గా తింటున్నదా?" అని అడగడం మొదలుపెట్టింది. అది నా ఉద్యోగంలో నేను సాధించిన పెద్ద విజయం.

పని ఏమిటంటే, సగం ఎలుకలకు వారం వారం బుగ్గ దగ్గర సన్నగా గుచ్చి కొంచెం రక్తం తీసేవాళ్లం. పోయిన రక్తాన్ని ఒళ్లు మళ్లీ తయారు చేసుకోవాలి. దానికి ఇనుము కావాలి. ఎక్కణ్నుంచి తెస్తుంది? మూలన పేరుకున్నది తీసి వాడుకుంటుంది. మిగతా సగానికి రక్తం తియ్యలేదు. చివరికి కార్జాలు కోసి ఒక మందునీళ్లలో వేస్తే ఇనుము ఉన్నచోట నీలం రంగు తేలుతుంది. రక్తం తియ్యని ఎలుకల కార్జాలు సిరాబుడ్డిలో ముంచి తీసినట్టయ్యాయి. తీసినవాటిలో నీలం అక్కడక్కడ పొగలాగ కనిపించిందంతే. ఒక్క గార్ల సంగతే వేరు. దాని దగ్గరికి వస్తాను.

ఇక మనుషులు. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, చర్ల దాటి అడవి అంచున ఒక పల్లెలో ఉంటుంది. మేనమామ కొడుకునే చేసుకుంది. మా బావ మండలంలో చేతిపంపుల మెకానిక్. సైకిలుకు పైపులు కట్టుకుని వాగులూ వంకలూ దాటి పంపులు బాగుచేసేవాడు, ఆదివారం చర్చిలో కంజీర వాయించేవాడు. వాళ్లకు ఒక కొడుకు, ఒక కూతురు.

కొడుకు మీసాలు వచ్చే వయసులో నల్లబడుతూ వచ్చాడు. కీళ్ల నొప్పులన్నాడు, తర్వాత ఆయాసమన్నాడు. కాళ్లు వాచాక నా దగ్గరికి, మా కాలేజీకి తీసుకొచ్చారు. మేడం చూసింది. పరీక్షలకని రక్తం తీశారు. మర్నాడు వార్డులోనే పోయాడు. గుండె ఆగిపోయింది. రిపోర్టు వచ్చేసరికి పిల్లవాడు మట్టిలో ఉన్నాడు. అందులో ఏముందో చెప్పడానికి మేడం ఎలుకల గదికి వచ్చి చాలాసేపు మధిర బోను ముందు నిలబడింది. "మీ మేనల్లుడిది కూడా ఇదే. పుట్టుకతో వచ్చిందే" అంది.

మా అక్కకు ఆ జీన్లూ అవీ ఎక్కలేదు. ఆమెకు తెలిసింది ఒక్కటే. సూది పెట్టారు, పిల్లవాడు పోయాడు. సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన ముగించగానే అందరూ వినేట్టు అంది, "ఇగ నా ఇంట్ల ఎవరి రక్తమూ ఎవరూ ముట్టొద్దు."

మరుసటి ఏడు వానలు మొదలయ్యే ముందు బావ ఒక్కడే ఖమ్మం వచ్చాడు. పంపు వాషర్లు కొనుక్కుపోదామని వచ్చానన్నాడు గానీ వాషర్లు భద్రాచలంలోనూ దొరుకుతాయి. ఎలుకల గది బయట గట్టు మీద కూచుని టీ గ్లాసు అలాగే పట్టుకున్నాడు.

"పిల్లక్కూడ గట్లనే ఉంది బామ్మర్దీ. మొఖం నల్లబడ్డది. బిందె ఎత్తితే ఆయాసం. పాదాలు నొక్కితే గుంటలు పడుతున్నయ్. నీరసమని సబ్‌సెంటర్ల ఎర్ర గోలీలిస్తున్నరు, రోజూ మింగుతనే ఉంది."

లోపల్నుంచి మేడం చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏ గోలీలు?"

"రక్తం పట్టేవి డాక్టరమ్మా. ఇనుప గోలీలు."

మేడం తుడుచుకోవడం ఆపింది. "ఆపేయండి. ఇవాళే ఫోన్ చేసి ఆపించండి."

ఇక్కడ ఒక మాట. ఆ గోలీలు ఇచ్చిన ఆరోగ్య కార్యకర్త తప్పేమీ లేదు. ఆ పల్లెల్లో ఆడపిల్లల్లో చాలామందికి రక్తం తక్కువ. వాళ్లకు ఆ ఎర్ర గోలీ అన్నంతో సమానం. ఎండనక వాననక నడిచి ఇంటింటికీ పంచేది ఆమె. ఆ ఊళ్లో ఒక్క పిల్లకు మాత్రం అది విషమని ఎవరికి తెలుస్తుంది?

"అమ్మాయిని రేపే తీసుకురండి. గుండెలో ఇనుము చేరుతున్నది. కొంచెం కొంచెంగా రక్తం తీయాలి, తలసేమియా పిల్లలకిచ్చే మందు కూడా ఇవ్వాలి. ఆలస్యమైతే నా చేతిలో ఏమీ ఉండదు" అంది మేడం.

"ఆమె రానియ్యదమ్మా. రక్తం అంటెనే తలుపేస్తది."

"మేమే వచ్చి చెప్తాం."

"మాటలు నమ్మదు. వీడి మాటలైతే అసలే." బావ నా వైపు చూశాడు. అందులో కోపం లేదు. మా అక్క నా అబద్ధాలు వింటూ పెరిగింది. గూడ్సుబండి మా ఇంటి ముందు ఆగి మా అమ్మను మామిడికాయ పచ్చడి అడిగిందని నేను చెప్తే, పచ్చడి ఎందులో పెట్టిచ్చారని అడిగి నన్ను పట్టేసిన మనిషి. "కంటికి కనపడేది ఏదన్న ఉంటె తీస్కరాన్రి."

కంటికి కనపడేవి మా అలమరలో సీసాల్లో ఉన్నాయి.

తెల్లారగానే మేడం, బావ, నేను బయల్దేరాం. జీపు తోలేవాడు ఖమ్మంలో తరతరాలుగా తోలు వ్యాపారం చేసే ముస్లిం కుటుంబంవాడు, నాకు పాత దోస్తు. నా ఒళ్లో సీసాల పెట్టె చూసి "ఏంది భాయ్, పచ్చళ్లా?" అన్నాడు. ఎలుకల కార్జాలన్నాను. భద్రాచలం వంతెన దాటేదాకా మళ్లీ మాట్లాడలేదు. దుమ్ముగూడెం దాటాక అడవి దగ్గరైంది. ఒకచోట ఎలుగుబంటి ఒకటి రోడ్డుకు అడ్డంగా కూచుని ఉంది. హారన్ కొడితే తల తిప్పి మా వైపు చూసి, వీళ్లతో నాకెందుకన్నట్టు లేచి, ఒళ్లు దులుపుకుని, నెమ్మదిగా చెట్లలోకి పోయింది. మేడం అప్పుడు కళ్లు మూసుకుని ఉంది.

చర్ల దాటాక, నక్సలైట్ల కోసం పెట్టిన పోలీసు క్యాంపు. కర్ర అడ్డం వేసి ఆపారు. ఒక జవాను పెట్టె తెరిపించాడు.

"సీసాలల్ల ఏంది?"

"ఎలుకల కార్జాలు సార్."

"నాతోని పరాచికాలా?"

నా మొహంలో ఏముందో గానీ నిజం చెప్పినప్పుడే ఎవరూ నమ్మరు. మేడం కార్డు చూపించి, జీను దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పింది. జవాను ఒక సీసా మూత తీసి వాసన చూసి, కళ్లు నీళ్లు తిరుగుతుంటే మళ్లీ బిగించాడు. "పోన్రి. పొద్దుగూకినంక మాత్రం బండి వదలం. ఎవరైనా సరే. లోపలుంటే లోపల్నే ఉండాలె" అన్నాడు.

పల్లె చేరేసరికి పిల్ల వాకిట్లో మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. ఏడాది కిందట చూసిన చామనఛాయ పిల్ల కాదు, మొహం పాత సీసపు బిళ్లలా ఉంది. నన్ను చూసి నవ్వింది. "మామా, ఎలుకలల్ల ఇనుముంటదంట గదా. అయస్కాంతం పెడితె అంటుకుంటయా?"

"అంటుకుంటయ్. మేమట్లనే పట్టుకుంటం."

"అబద్ధం" అంది, సంతోషంగా. ఆ పిల్లకు నా అబద్ధం ఎక్కడ మొదలవుతుందో తెలుసు. అక్కడే నవ్వేది.

మా అక్క గుమ్మంలో నిలబడి ఉంది. మేడంకు కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. "మీరు పెద్ద చదువు చదివిన్రు, మీతోని మాట్లాడే తెలివి నాకు లేదు. కని సూది మాత్రం తియ్యకున్రి" అంది.

మేడం వాదించలేదు. గాజు గ్లాసులు వరసగా పెట్టి మందునీళ్లు పోసింది. "ఇందులో ఇనుము పడితే నీలం అవుతుంది. వేరేది పడితే కాదు. మీరే వేసి చూడండి, నేను ముట్టను."

అక్క కదల్లేదు. బావ లేచి మూలన పడి ఉన్న పంపు పైపు మీద తుప్పు గీకి ఒక గ్లాసులో వేశాడు. నీళ్లు వేసినచోట నీలంగా తిరిగి, చూస్తుండగానే చిక్కబడ్డాయి. అప్పుడు కదిలింది అక్క. వంటింట్లోంచి ఉప్పు తెచ్చి ఒక గ్లాసులో, పసుపు తెచ్చి ఇంకో గ్లాసులో వేసింది. పసుపుది పసుపుగానే ఉంది. కాసేపు చూసింది. గ్లాసు కింద వేలు పెట్టి పైకెత్తి వెలుతురులో చూసింది. తర్వాత మేడం సీసాల్లోంచి కార్జం ముక్కలు తీసి చూపించింది. మామూలు ఎలుకది వేస్తే రంగు రాలేదు. రక్తం తియ్యని ఎర్రుపాలెంది వేస్తే కాసేపటికి సిరా అయింది. రక్తం తీసిన మధిరది పొగ.

బావ మోకాళ్ల మీద కూచుని అన్నాడు, "బోరు చాన్నాళ్లు కొట్టకుండ ఉంటె మొదలు ఎర్రనీళ్లొస్తయ్. అవి పోయేదాక కొట్టి పారబొయ్యాలె. పారబోస్తెనే కింద మంచినీళ్లు. గింతే గదా డాక్టరమ్మా?"

"అంతే" అంది మేడం. ఆమె అంత తొందరగా ఎవరితోనూ ఒప్పుకోవడం నేను చూడలేదు.

"పైపుకు పానం ఉండదు. నా కొడుకు పైపు కాదు" అంది అక్క.

పిల్ల ఊపిరి తీయడం వినిపిస్తున్నది. అక్క నా వైపు తిరిగింది.

"ఒరే. పిల్లదాని దగ్గర ఎంత తీస్తరో, గంత నీ దగ్గర తియ్యనియ్. నా కండ్ల ముందట. రేపు ఈ యాళకు నువ్వు లేచి తిరుగుతుంటె, అప్పుడు మాట్లాడుదం."

ఎన్నో ఎలుకల బుగ్గలు గుచ్చినవాణ్ని గానీ నా ఒంట్లోకి సూది వెళ్లడం నేను చూడలేను. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే అడిగిందేమో. "గీ వయసుల నా దగ్గర రక్తం ఏడిదక్కా" అన్నాను. మేడం అప్పటికే సంచి తెరిచింది.

గోడవైపు మొహం తిప్పుకుని చెయ్యి చాపాను. అక్క నా చెయ్యి చూడలేదు, నా మొహమే చూస్తూ ఉంది. టీ గ్లాసుడు రక్తం ప్లాస్టిక్ సంచిలోకి దిగేదాకా రెప్ప వెయ్యలేదు. అయిపోయాక లేవబోయాను, గోడ నా మీదికి వచ్చింది. బావ పట్టుకోకపోతే మంచం కోడుకు తల తగిలేది. తెలివి వచ్చేసరికి పిల్ల మంచం పక్కనే ఇంకో మంచం మీద ఉన్నాను, కాళ్లు ఎత్తి పెట్టారు. అక్క కంగారేమీ పడలేదు. ఎదురుచూసింది జరిగిన మనిషిలా ఉంది. కోడిని కొయ్యమని బావకు చెప్పి లోపలికి వెళ్లింది. రక్తం పోయినవాడికి కార్జం పెట్టాలని ఎవరో ఆమెకు చెప్పారట.

మధ్యాహ్నం దాటింది. నేను బతికే ఉన్నానని చూడటానికి అక్క మాటిమాటికీ గుమ్మంలోకి వచ్చి పోతున్నది. డ్రైవరు జీపు నీడలో కూచుని నన్ను చూసి "పరేషాన్ కాకు భాయ్, నీ అసొంటోళ్లు జల్దీ పోరు" అన్నాడు. అటు మేడం పిల్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింటున్నది. ఒకసారి, మళ్లీ ఒకసారి. తర్వాత నన్ను చెయ్యి పట్టి పంపు దగ్గరికి నడిపించుకుపోయి గొంతు తగ్గించింది.

"ఊపిరితిత్తుల్లోకి నీరు వస్తున్నది. రేపటిదాకా ఆగితే నాకు భయంగా ఉంది. ఇక్కడ నేనేం చేయలేను, కనీసం భద్రాచలం దవాఖానాకన్నా చేర్చాలి. మీ అక్కకు నువ్వు చెప్పు. నీకు మాటలు వచ్చు కదా."

"అబద్ధం చెప్పమంటున్నరా మేడం?"

ఆమె పంపు కొట్టుకుని చేతులు కడుక్కుంటున్నది. అవి ఎప్పుడో శుభ్రమైపోయాయి, ఇంకా కడుగుతూనే ఉంది.

వెనక్కి వస్తూ అబద్ధం తయారు చేసుకున్నాను. మంచి అబద్ధం. ఎలుకలన్నీ బతికి, పిల్లల్ని పెట్టి, మనవల్ని చూసి, ముసలితనంలో నిద్రలో పోయాయని, కార్జాలు ఆ తర్వాతే కోశామని. దానికి కొంచెం కన్నీళ్లు కూడా కలిపాను. మంచం మీద కూచుని అక్క ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను. పిల్ల నా చెయ్యి తట్టింది. మాట ఒక్కసారి రావడం లేదు, ముక్కలుగా వస్తున్నది.

"మామా, ఒకటి అడుగుత. రక్తం తీసినయ్ అన్నీ బతికినయా?"

తయారుగా ఉంది నోట్లో. పిల్ల నా మొహం వైపు చూస్తున్నది, ఎక్కడ నవ్వాలా అని. ఆ నవ్వు ఇవాళ చూడలేననిపించింది.

"గార్ల పోయింది" అన్నాను.

"గార్ల అంటె?"

"ఎలుక. ఆడది. మొదలు దానికి రక్తం తియ్యలే, తియ్యని గుంపుల ఉండె. చాన్నాళ్లకు మేడం, ఆలస్యంగ మొదలుపెడితె పనిచేస్తదా అని చూద్దమని దాన్ని ఇటు మార్చింది. రక్తం తీసిన మర్నాడు పొద్దున చూస్తె పొట్టుల ముడుచుకుని పండుకున్నది. లేవలే."

"రక్తం తీసినందుకా?"

"ఆలస్యంగ తీసినందుకు. గుండె అప్పటికే పాడైంది. తియ్యకపోతె ఇంకొన్ని రోజులు ఉంటుండెనేమో. అది గూడ తెల్వదు."

పిల్ల కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మరి నేను గార్లనా, మధిరనా?"

"తెల్వదు బిడ్డా. మేడంక్కూడ తెల్వదు."

వెనక కంచం పెట్టిన చప్పుడైంది. మా అక్క గుమ్మంలో ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. కోడి కార్జం వేపుడు ఆవిరి పైకి పోతున్నది. నా పని అయిపోయిందనుకున్నాను. మేడం దూరంగా నిలబడి కళ్లు మూసుకుంది.

"ఈ సంగతి పొద్దుగాల ఎందుకు చెప్పలే?" అంది అక్క.

"చెప్తె పంపవని."

"ఎప్పుడన్న ఒక్కటన్న బాగలేదని చెప్పినవారా నువ్వు? నీ రైళ్లన్నీ పచ్చడి తింటయ్. ఎలుకలన్నీ బతికినయంటె పిల్లదాన్ని ఇల్లు దాటనియ్యకపోదును." ఆమె పిల్ల దగ్గరికి వచ్చి పాదం మీద వేలితో నొక్కింది. గుంట పడింది. అది నిండేదాకా చూసింది. నిండటానికి చాలాసేపు పట్టింది. "పిలగానికి గూడ ఆలస్యమే అయిందా?"

అడిగింది నన్ను కాదు. మేడం దగ్గరికి వచ్చింది. "అవునమ్మా. మా దగ్గరికి వచ్చేసరికే గుండె అయిపోయింది. మేము తీసింది పరీక్షకు సరిపడా. దానివల్ల కాదు. కానీ తీశాకే పోయాడు, అది నిజం."

అక్క తల ఊపింది. కొంగుతో పిల్ల మొహం తుడిచింది. "లే. బండి తియ్యమను."

"రేపటిదాక అన్నవు గదా అక్కా."

"రేపటిదాక ఉంటె గార్లే అయితది. లే."

పిల్లను కుర్చీలో కూచోబెట్టి, ఎత్తి తెచ్చి జీపు వెనక ఎక్కించాం. పడుకోబెడితే ఊపిరాడదు, అందుకని అక్క వెనక కూచుని తన రొమ్ముకు ఆనించుకుంది. మేడం ఒక ఇంజెక్షన్ ఇవ్వాలంది. అక్క పిల్ల చెయ్యి తనే పట్టుకుని చాపింది. ఎండ చెట్ల కొనల మీదికి పోతున్నది. గోతుల్లో మెల్లగా పోతే క్యాంపు మూసేస్తారు, తొందరగా పోతే పిల్ల తట్టుకోదు. డ్రైవరు ఒక్కో గోతి దగ్గర పళ్లు బిగపట్టి, ముందు చక్రం గాజు గ్లాసు మీద దింపుతున్నట్టు దింపాడు. పిల్ల పెదాలు నీలమవుతున్నాయా, చీకటి వల్ల అలా కనిపిస్తున్నాయా తెలియదు. పొద్దున గ్లాసులో చూసిన నీలం నా కళ్లలోంచి పోలేదు.

క్యాంపు దగ్గరికి వచ్చేసరికి కర్ర దించేశారు. అదే జవాను. "చెప్పిన గదా. టైము అయింది. పొద్దున్నే."

మేడం దిగి వివరంగా మొదలుపెట్టింది. ఆయన వినడం లేదు. రూలు రూలే, పైనుంచి ఆర్డరు, తర్వాత ఏమైనా అయితే నా మెడకు అంటున్నాడు. నేను ఏదో ఒకటి అల్లుదామని నోరు తెరిచాను. వెనకనుంచి అక్క గొంతు వచ్చింది.

"అన్నా, జర ఇటు వచ్చి చూడు."

ఆయన టార్చి పట్టుకుని వచ్చాడు.

"నిరుడు నా కొడుకును తీస్కపోయినప్పుడు గూడ గీడనే ఆగినం. తెల్లారినంకనే వదిలిన్రు. నిన్ను అంటలేను, అప్పుడు నువ్వు లేవు. ఈ పిల్ల నా దగ్గర మిగిలింది. రాసుకునేది ఏదన్న ఉంటె నా పేరు రాసుకో. ఏమన్న అయితె నన్ను పట్కపోన్రి."

టార్చి వెలుతురు పిల్ల మొహం మీద కొంచెంసేపు ఉంది. తర్వాత నా ఒళ్లోని పెట్టె మీద పడింది. "ఎలుకల బండి" అన్నాడు తనలో తాను. లోపలికి వెళ్లి ఎవరితోనో వైర్‌లెస్‌లో మాట్లాడాడు. ఆ మాట్లాడినంతసేపు జీపులో మేమందరం పిల్లతో పాటే ఊపిరి తీశాం. కర్ర లేచింది.

భద్రాచలంలో ఆక్సిజన్ పెట్టి, నీరు లాగే మందులిచ్చి పిల్లను నిలబెట్టారు. కొంచెం తేరుకున్నాక ఖమ్మం తీసుకొచ్చాం. గార్లా, మధిరా అన్నది అప్పటికీ ఎవరికీ తెలియదు. మేడం తలసేమియా మందు మొదలుపెట్టింది. గుండె బాగా నిలదొక్కుకున్నాక ఒకరోజు, ఇవాళ కొంచెం రక్తం తీద్దామంది.

అక్క నా వైపు చూసింది. "ముందు నువ్వు."

"మొన్ననే తీసిన్రు గదక్కా."

"ముందు నువ్వు."

మళ్లీ అంత తీయడానికి మేడం ఒప్పుకోలేదు. నా వేలు గుచ్చి ఒక చుక్క తీసింది. అక్క ఆ చుక్క వైపు చాలాసేపు చూసి, సరే అంది. తర్వాత పిల్లది తీశారు. ఇక ఆ వార్డులో మర్నాటి పొద్దుటిదాకా మా అక్క కూచున్న తీరు నేను చెప్పలేను. కొడుకు పోయింది ఆ వార్డులోనే. ప్రార్థన కూడా చేయలేదు, చేస్తే కళ్లు మూసుకోవాలి కదా.

పొద్దున పిల్ల కళ్లు తెరిచి టీ అడిగింది. అక్క గ్లాసు తీసి నా చేతిలో పెట్టి, పొమ్మన్నట్టు తల ఆడించింది. టీ తాగొచ్చా అని మేడంను అడిగితే, తాగమనండి, మంచిదే, టీ ఇనుమును లోపలికి అంతగా రానివ్వదు అంది. నేను చెప్పాల్సిన మాట ఆమె చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

ఆ పిల్ల మధిర అయింది. అవడానికి చాలాకాలం పట్టింది. మధ్యలో మమ్మల్ని భయపెట్టిన రోజులూ ఉన్నాయి. వారం వారం తీసిన రక్తం తర్వాత నెలకొకసారైంది, ఆ తర్వాత ఇంకా దూరమైంది. అక్కనూ బావనూ నన్నూ కూడా మేడం పరీక్ష చేసింది. నా రక్తంలో ఇనుము మామూలుగానే ఉందట. "వీనిలో బరువైనది ఏదీ ఉండదని నాకు తెల్సు" అంది అక్క.

తర్వాత కాలేజీలో ఎలుకల గది మూసేశారు, మేడం వేరే ఊరు వెళ్లింది, నేను వయసు రాకముందే రిటైర్‌మెంట్ తీసుకున్నాను. మేనకోడలు ఇప్పుడు భద్రాచలంలో జిరాక్స్ దుకాణం నడుపుతున్నది. రక్తం తీయించుకోవడానికి ఖమ్మం వచ్చేముందు నాకు ఫోన్ చేస్తుంది. "మామా, రేపు వస్తున్న. అమ్మ గూడ వస్తున్నది. వేలు రెడీ పెట్టుకో." ఇన్నేళ్లయినా ఆ చుక్క ఇవ్వక తప్పలేదు. సూది చూడటం ఇప్పటికీ నా వల్ల కాదు.

ఒట్టు పెట్టుకోవడం మా అక్కకు గిట్టదు, చర్చిలో వద్దన్నారని. ఒక్క ఒట్టుకు మాత్రం ఒప్పుకుంటుంది. నేను ఏదైనా చెప్పడం మొదలుపెట్టి, బండి కొంచెం వేగం అందుకోగానే, చేతిలో పని ఆపి అడుగుతుంది. "గార్ల మీద ఒట్టా?" అంతే, నా నోరు పడిపోతుంది. పొట్టులో ముడుచుకున్న ఆ చిన్న ఒళ్లు కళ్లముందుకు వస్తుంది. దాని మీద అబద్ధం ఆడలేను.

కాబట్టి పిల్లలూ, ఎలుకలు, గ్లాసులు, జవాను, టార్చి, మా అక్క చెప్పిన ప్రతి మాటా గార్ల మీద ఒట్టేసి చెప్తున్నాను. ఎలుగుబంటి సంగతి మాత్రం అడగొద్దు.